ఐపీ పెట్టడం: నేతిళ్ల బాకీలు, కోర్టులు, వకీళ్ల కథ

బాకీల కింద నలిగి చేతులెత్తేసిన మనిషిని గురించి చెప్పడానికి మనం స్థిరపడిన ప్రతి చోటా ఒక మాట ఉంది. తమిళనాట "మంజ కడుదాసి ఇచ్చేశాడు" అంటారు, అంటే పసుపు కాగితం ఇచ్చాడని. కన్నడ సీమలో "పాపర్ చీటీ". మరాఠీలో "దివాళం నిఘాలం". ఒడియాలో "దేబాళియా". మన తెలుగులో అయితే "ఐపీ పెట్టాడు". దివాలా అనే మాట దీపం నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. ఇవ్వాల్సింది ఇవ్వలేని సావుకారు పట్టపగలు దుకాణంలో దీపం వెలిగించి కూర్చునేవాడట, అది చూసి ఊరికి సంగతి తెలిసేదట. ఐపీలో అటువంటి కథేమీ లేదు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే రెండు ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు అవి. కోర్టు గుమాస్తాల నోట మొదలై, సంతకం కూడా రానివాళ్ల నోటికి ఎక్కింది.

ఎక్కడంలో మాట అర్థం కొంచెం చెడింది. మనిళ్లలో ఐపీ అంటే ఎగ్గొట్టడం. సంబంధం మాట్లాడేటప్పుడు "వాళ్ల పెదనాన్న ఐపీ పెట్టాడట" అని ఎవరో చెవిలో వేస్తే చాలు, మాట అక్కడే ఆగిపోతుంది. చట్టం దృష్టిలో మాత్రం ఐపీ అంటే, నా దగ్గరున్నది ఇది, నేను ఇవ్వాల్సింది ఇది, లెక్క చూసి అందరికీ పంచండి అని మనిషి తనంతట తాను కోర్టు ముందు నిలబడటం. రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి భివండికో సూరత్‌కో వెళ్లిపోవడానికీ దీనికీ చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని మనవాళ్లు ఎందుకు చూడలేకపోయారో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

నేతపనీ బయానా కలిసే పుట్టాయి. నూలు కొనాలి, ఆ నెలలన్నీ ఇల్లు గడవాలి, బట్ట దిగాక గాని డబ్బు రాదు. అంచేత ముందే సొమ్ము పుచ్చుకోవడం తప్పదు. 18వ శతాబ్దపు దక్షిణాది నేతగాళ్ల గురించి ప్రసన్నన్ పార్థసారథి అనే చరిత్రకారుడు రాసిన దాంట్లో మనం గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో బయానా తీసుకున్న నేతగాడు మనసు మారితే సొమ్ము తిరిగిచ్చి ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఇచ్చిన వర్తకుడికి మాత్రం అలా మధ్యలో వెనక్కి అడిగే వీలు లేదు. నేతగాడి పనితనానికి గిరాకీ ఉండేది, కొనేవాళ్లు ఒకరు కాదు. గోదావరి మొగలోనే చూడండి. ఇంజరంలో ఇంగ్లీషు వాళ్ల ఫ్యాక్టరీ, పక్కనే యానాంలో ఫ్రెంచి వాళ్లు, కాకినాడ దగ్గర జగన్నాథపురంలో డచ్చివాళ్లు. ఒకరి దగ్గర ధర కుదరకపోతే ఇంకొకరు.

కంపెనీ చేతికి రాజ్యం వచ్చాక ఈ వరస తలకిందులైంది. బయానా తీసుకున్నవాడు ఇంకెవరికీ నేయకూడదు, తిరిగిచ్చేస్తానన్నా కుదరదు. బట్ట రాకపోతే ఇంటి గుమ్మంలో బంట్రోతు కూర్చునేవాడు. వాడి కూలి కూడా నేతగాడే ఇచ్చుకోవాలి. ఫ్రెంచి, డచ్చి ఫ్యాక్టరీలు యుద్ధాల్లో ఇంగ్లీషువాళ్ల వశమైనప్పుడల్లా ఇక వెళ్లడానికి ఇంకో గుమ్మం మిగిలేది కాదు. 18వ శతాబ్దం చివర గోదావరి, విశాఖ ప్రాంతాల్లో నేతగాళ్లు మగ్గాలు దించి, గుంపులుగా వెళ్లి అర్జీలు పెట్టుకున్నారంటే కారణం ఇదే. బయానా అప్పుగా మారింది, అప్పు కట్టుగా మారింది. ఈనాటికీ కుమారపాళయం మరమగ్గాల షెడ్లలో పనివాడికి ఇచ్చే ముందస్తు సొమ్మును బాకీ అనే పిలుస్తారు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇక కోర్టులు. 1828లో ఇంగ్లండు పార్లమెంటు చట్టం చేసి మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో అప్పులపాలైన వాళ్ల కోసం వేరే కోర్టులు పెట్టింది. 1848లో దాన్ని సరిదిద్ది ఇంకో చట్టం తెచ్చింది. ఇవన్నీ ఆ మూడు పట్నాలకే. 1730లలో మద్రాసు గవర్నరు పిట్ నేతగాళ్ల కోసం కట్టించిన పేట చింతాద్రిపేట. చిన్న తరి పేట్టై, అంటే చిన్న మగ్గాల పేట. ఆ పేటలో ఉన్న నేతగాడు బాకీపడితే అతనికి ఒక కోర్టు ఉంది. కంచిలో ఉన్న అతని వియ్యంకుడికి లేదు.

పట్నం బయట ఏముందంటే, జైలు ఉంది. 1859 సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం డిక్రీ సొమ్ము కట్టలేని వాణ్ణి గరిష్ఠంగా రెండేళ్లు సివిల్ జైల్లో పెట్టవచ్చు. ఇందులో ఒక విచిత్రం, ఖైదీ తిండి ఖర్చు అప్పిచ్చినవాడే కట్టాలి. దాన్ని బత్తా అనేవారు. బత్తా ఆగితే ఖైదీని వదిలేస్తారు. సావుకారు నెలనెలా బత్తా కడుతూ, అక్కడి నుంచి కబురు పంపితే ఇంట్లో ఆడవాళ్ల ఒంటి మీద మిగిలిన బంగారం బయటికి వచ్చేది. జైలుశిక్ష అసలు పని అదే. 1877 కోడ్‌లో మొఫసిల్ ఊళ్లకు కూడా దివాలా అర్జీ పెట్టుకునే వీలు వచ్చింది గాని, అరెస్టు అయినవాడికో, ఆస్తి జప్తులో ఉన్నవాడికో మాత్రమే. ముందు సంకెళ్లు పడాలి, తర్వాతే అర్జీ.

షోలాపూర్ వాళ్లకు ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. 1875లో పుణే, అహ్మద్‌నగర్ జిల్లాల రైతులు వడ్డీ వ్యాపారుల మీద తిరగబడి పత్రాలు తగలబెట్టారు. దాని ఫలితంగా 1879లో దక్కన్ రైతుల ఊరట చట్టం వచ్చింది. పుణే, సతారా, షోలాపూర్, అహ్మద్‌నగర్, ఈ నాలుగు జిల్లాలకు. రైతును అప్పు కింద జైల్లో పెట్టకూడదన్నారు. అతని కోసం దివాలాకు సులువైన పద్ధతి కూడా అందులోనే పెట్టారు. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మగ్గం నేర్పు ఒక్కటే మూటగట్టుకుని షోలాపూర్ చేరుతున్న మన పద్మశాలీలకు ఆ చట్టం తగల్లేదు. సేద్యం లేదు గదా. ఒకే వీధిలో ఒకే సావుకారుకు బాకీపడ్డ ఇద్దరిలో రైతు ఇంట్లో ఉండేవాడు, నేతగాడు జైలుకు పోవలసినవాడు. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసులో తెచ్చిన రైతు రుణ విమోచన చట్టమూ అంతే. భూమి లేని దేవాంగులకు, సాలీలకు అందులో చోటు లేదు. అప్పట్లో బళ్లారి మద్రాసులోనే ఉంది. గంజాం జిల్లా, బ్రహ్మపురంతో సహా, 1936లో ఒరిస్సాకు పోయింది. రాజ్యాలు మారినా నేతగాడు రైతుల జాబితాలోకీ రాలేదు, వర్తకుల జాబితాలోకీ రాలేదు.

యానాంలో సంగతి ఇంకా వేరు. 1819లో ఫ్రెంచి చట్టాలు అక్కడి ఫ్రెంచి స్థావరాలకు వచ్చాయి. ఫ్రెంచి పద్ధతిలో దివాలా అనేది వర్తకుడికే. మగ్గం నేసేవాడు వర్తకుడు కాడు కాబట్టి ఆ తలుపు అతనికి తెరుచుకోదు. ఉన్న ఆస్తి మొత్తం అప్పులవాళ్లకు అప్పగించి శరీరం విడిపించుకునే దారి ఒకటి వాళ్ల సివిల్ కోడ్‌లో ఉండేది.

మనవాళ్లందరికీ అసలు తలుపు తెరిచింది 1907 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం, దాని స్థానంలో వచ్చిన 1920 నాటి చట్టం. మద్రాసు, బొంబాయి నగరాలకు 1909లో వేరే చట్టం వచ్చింది. నగరాల్లో హైకోర్టు, ఆస్తులు చూసుకునేందుకు అఫీషియల్ అసైనీ. జిల్లాల్లో జిల్లా కోర్టు, అఫీషియల్ రిసీవర్. ఐపీ అనే మాట మన ఇళ్లలోకి వచ్చింది ఈ జిల్లా కోర్టుల నుంచే.

1920 చట్టం ఎలా పని చేస్తుందో కొంచెం ఓపిగ్గా చెప్పుకోవాలి. మంచి వకీలు, చెడ్డ వకీలు అనే తేడా అక్కడే బయటపడుతుంది. అప్పు తీర్చలేని స్థితిలో ఉండి, బాకీలు మొత్తం 500 రూపాయలకు తగ్గకుండా ఉంటే, లేదా అరెస్టో జప్తో అయి ఉంటే, బాకీదారు తానే అర్జీ పెట్టుకోవచ్చు. నివాసం ఉన్న చోటో, కష్టం చేసుకుని బతికే చోటో పెట్టాలి. సిరిసిల్లలో అప్పు చేసి భివండిలో మగ్గం నడిపేవాడికి ఈ ముక్క ముఖ్యం. అర్జీలో అప్పిచ్చినవాళ్లందరి పేర్లు, ఊళ్లు, మొత్తాలు రాయాలి. ఆస్తి మొత్తం చూపాలి. కోర్టు దివాలాదారుగా ప్రకటించిన నాటి నుంచి ఆస్తి రిసీవరు చేతికి పోతుంది. జాబితాలో ఉన్నవాళ్లు కోర్టు అనుమతి లేకుండా విడివిడిగా దావాలు వేయకూడదు. అరెస్టు కాకుండా రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. తర్వాత, కోర్టు పెట్టిన గడువు లోపల విడుదల కోసం, అంటే డిశ్చార్జి కోసం, ఇంకో దరఖాస్తు పెట్టాలి. అది వచ్చాకే పాత బాకీలు పోతాయి.

ఈ రెండో దరఖాస్తు దగ్గరే కొంపలు మునిగేది. మొదటి ఉత్తర్వు రాగానే "అయిపోయింది, ఇక నిశ్చింత" అని ఇంటికొచ్చేస్తారు. వకీలు కూడా కట్ట కట్టి బీరువాలో పడేస్తాడు. గడువు దాటితే కోర్టు దివాలా ఉత్తర్వునే రద్దు చేస్తుంది. అన్ని బాకీలూ వడ్డీతో సహా తిరిగి లేస్తాయి. ఆస్తి పోయి, పరువు పోయి, అప్పు మాత్రం ఉంటుంది. ఇంతకంటే అన్యాయం ఇంకోటి నాకు కనబడదు, అది చట్టం చేసిన అన్యాయం కాదు కూడా.

డిశ్చార్జి ఇచ్చేటప్పుడు జడ్జి చూసేవి చదివితే ఇది నేతగాళ్ల కోసమే రాశారా అనిపిస్తుంది. పద్దు పుస్తకాలు సరిగ్గా పెట్టాడా? మునిగిపోతున్నానని తెలిసీ కొత్త సరుకు అరువు తెచ్చాడా? జూదమాడాడా? ఉన్న ఆస్తి రూపాయికి అర్ధరూపాయి చొప్పునైనా బాకీలకు సరిపోతుందా? సరిపోకపోతే, అది తన తప్పు లేకుండా జరిగిందని చూపించుకోవాలి. నూలు ధర ఒక్కసారిగా పెరగడం, వరదకు గుంట మగ్గం మునిగిపోవడం, కొన్నవాడే మునిగి చెక్కులు తిరిగిరావడం, ఇవన్నీ అక్కడ చెప్పుకోదగ్గ కారణాలే. కానీ చెప్పడానికి కాగితం ఉండాలి. మన మాస్టర్ వీవర్ల లెక్కలు చాలాచోట్ల చిన్న చేతి పుస్తకంలో, అదీ సగం మనసులో. ఆ పుస్తకం పారేయకండి. మరకలు పడ్డా సరే.

ఇంకో రెండు సెక్షన్లు చెబుతాను. అర్జీకి ముందు రెండేళ్ల లోపల భార్య పేరునో బావమరిది పేరునో ఉత్తుత్తి రిజిస్ట్రేషన్ చేస్తే, 53వ సెక్షన్ కింద రిసీవరు దాన్ని కొట్టేయించగలడు. మూడు నెలల ముందు ఒక్క అప్పులవాడికే, మన చుట్టమనో మొహమాటమనో, కావాలని మొత్తం తీర్చేస్తే అదీ 54వ సెక్షన్ కింద తిరగబడుతుంది. "ముందు ఇల్లు మీ ఆవిడ పేరున మార్చేయండి, తర్వాత ఐపీ వేద్దాం" అని సలహా ఇచ్చే వకీలు మనకు మేలు చేస్తున్నట్టే కనిపిస్తాడు. ఆస్తి దాచిపెట్టి కోర్టును మోసగించడం 69వ సెక్షన్ కింద నేరం, ఏడాది దాకా జైలు. సలహా ఇచ్చినవాడు వెళ్లడు.

బాకీ ఉన్నవాడి పక్షమే చెబితే సగం చరిత్రే అవుతుంది. మన అప్పుల్లో అప్పిచ్చినవాడు ఎవరు? నూలు దుకాణం మనవాళ్లదే. జరీ ఇచ్చింది మనవాళ్లే. చీటీ పాడుకున్న సొమ్ముకు జామీను పెట్టింది పిన్ని కొడుకు. ఒకడు ఐపీ పెడితే వెనకాల నాలుగిళ్లు ఊగుతాయి. ఐపీకి మన కులంలో చెడ్డ పేరు ఊరికే రాలేదు. జామీనుదారు సంగతి చట్టం తేల్చే చెప్పింది, డిశ్చార్జి వచ్చినా అది బాకీదారుకే, జామీను ఉన్నవాడి బాధ్యత అలాగే ఉంటుంది. అసలువాడు బయటపడతాడు, సంతకం పెట్టినవాడు లోపల ఉంటాడు. అర్జీ వేయకముందే జామీనుదార్లను కూర్చోబెట్టి చెప్పుకోవడం, కుదిరితే వాళ్ల బాకీని బ్యాంకుతో విడిగా తేల్చడం, వకీలు గుర్తుచేయాల్సిన పని.

సరే, మగ్గం సంగతి. జప్తు వస్తే మగ్గం పట్టుకుపోతారా అని ఇప్పటికీ అడుగుతుంటారు. 1882 కోడ్‌లోనే చేతివృత్తివాడి పనిముట్లు జప్తు చేయకూడదని ఉంది. 1908 కోడ్ 60వ సెక్షన్‌లో అదే మాట నిలిచింది. ఒంటిమీది బట్టలు, వంటపాత్రలు, పరుపులు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు తీయకూడని నగ, వీటితోపాటు చేతిపనివాడి పనిముట్లు. దివాలా తీసినా రిసీవరు చేతికి ఇవి పోవు. కాబట్టి చేతిమగ్గం, ఆసు, రాట్నం సాధారణ డిక్రీ కింద పోకూడదు. మరమగ్గం పనిముట్టా, యంత్రమా అన్నది మాత్రం వాదనకు వస్తుంది. ఇంకా ముఖ్యంగా, ఆ మగ్గాన్నే బ్యాంకుకు తాకట్టు రాసిచ్చి ఉంటే ఈ రక్షణ పని చేయదు. తాకట్టు ఉన్న అప్పిచ్చినవాడికి ఐపీ అడ్డు కాదు. 2002 నాటి సర్ఫేసీ చట్టంలో కూడా తాకట్టు రాసిన వస్తువుకు మినహాయింపు తీసేశారు. పత్రంలో ఏ వస్తువులు రాశారో చదివి చెప్పమని వకీలును అడగండి. చదవకుండా "ఏం కాదులెండి" అంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

జైలు భయం కూడా మెల్లగా సడలింది. 1888లో ఆడవాళ్లను డబ్బు డిక్రీ కింద అరెస్టు చేయకూడదన్నారు. 1936లో 51వ సెక్షన్‌కు షరతు చేర్చారు, ఉండి కట్టనివాడినో, ఆస్తి దాచినవాడినో తప్ప లేనివాణ్ణి జైలుకు పంపకూడదని. 1976 సవరణతో గరిష్ఠ కాలం ఆరు నెలల నుంచి మూడు నెలలకు దిగింది. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, పేదరికం నేరం కాదు, కట్టలేకపోవడం ఒక్కటే జైలుకు కారణం కాకూడదు అని తేల్చారు. రికవరీ ఏజెంటు ఫోన్ చేసి "రేపు పోలీసులు వస్తారు" అని బెదిరిస్తే ఈ సంగతి గుర్తుండాలి. చెల్లని చెక్కు కేసు మాత్రం వేరు, అది క్రిమినల్. సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఎన్ని ఎవరి దగ్గరున్నాయో వకీలుకు మొదటి రోజే చెప్పాలి.

1975, 76 ఎమర్జెన్సీ రోజుల్లో గ్రామీణ రుణాల రద్దు ఇరవై సూత్రాల్లో ఒకటి. మహారాష్ట్ర 1975లో, కర్ణాటక 1976లో రుణ విమోచన చట్టాలు తెచ్చాయి. ఈసారి పల్లెల్లోని చేతివృత్తులవాళ్లు కూడా జాబితాలోకి వచ్చారు. 1879 నుంచి లెక్కేస్తే తొంభై ఆరేళ్లు పట్టింది. మహారాష్ట్ర చట్టాన్ని సుప్రీంకోర్టు 1977లో నిలబెట్టింది. అయితే ఇవి ప్రైవేటు వడ్డీ వ్యాపారుల అప్పులకే, బ్యాంకులకూ సొసైటీలకూ కావు. ఆ ఏడాదే వచ్చిన ఇంకో చట్టం మనవాళ్లకు తెలియనిది, వెట్టిచాకిరీ రద్దు చట్టం, 1976. బాకీ తీరేదాకా ఈ షెడ్డు వదిలి పోకూడదని కట్టేసి, కనీస కూలి కూడా ఇవ్వకుండా పని చేయించుకుంటే, అది వెట్టి కిందికి రావచ్చు. వస్తే ఆ బాకీ చట్టం దృష్టిలో చచ్చిపోయినట్టే. దానికి ఐపీ అక్కర్లేదు, వెళ్లాల్సింది కలెక్టరు దగ్గరికి. కంపెనీ బంట్రోతు గుమ్మంలో కూర్చున్న కాలం నాటి ముడి అది, రెండు వందల ఏళ్ల తర్వాత కాగితం మీద విప్పారు. మంచి వకీలైతే బాకీ కాగితం చూడగానే ఇది అప్పా, వెట్టా అని ముందు తేల్చుకుంటాడు.

వకీలును ఎంచుకోవడంలో మన తాతలు పడ్డ పాట్లు తక్కువవి కావు. కోర్టు ఆవరణలో చెట్టు కింద కూర్చుని కేసులు పట్టుకొచ్చే దళారులను టౌట్లు అనేవారు. భాష రాని ఊరిలో మన భాషలో పలకరించేవాడు దేవుడిలా కనబడతాడు. వాడు తీసుకెళ్లిన వకీలే వకీలు. ఈ బెడద ఎంత ముదిరిందంటే, 1879 లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం 36వ సెక్షన్ కింద టౌట్ల పేర్ల జాబితా తయారుచేసి ప్రతి కోర్టులో వేలాడదీయాలని రాశారు. ఇప్పుడు చెట్టు కింద కాదు, ఫోన్‌లో ఉంటారు. "మీ లోన్లన్నీ సగానికి తెంపిస్తాం, ముందు ఫీజు కట్టండి" అంటారు. వాళ్లలో చాలామంది వకీళ్లు కారు. కిస్తీలు ఆపమంటారు, ఈలోగా వడ్డీ పెరుగుతుంది, బ్యాంకు దావా వేస్తే కోర్టులో నిలబడేవాడు ఉండడు.

1961 అడ్వకేట్స్ చట్టం తర్వాత బార్ కౌన్సిల్ పెట్టిన నియమాలు మనకు కొలబద్దలా పనికొస్తాయి. వకీలు తన కోసం ప్రచారం చేసుకుని కేసులు అడగకూడదు. గెలిస్తే ఇంత వాటా అని ఫీజు మాట్లాడకూడదు. తాను నడిపిన కేసులో వేలానికి వచ్చిన ఆస్తిని తాను కొనకూడదు. కేసు నడిచే కాలంలో కక్షిదారుకు అప్పు ఇవ్వకూడదు. ఈ చివరి రెండూ ఎందుకు పెట్టారో పాత సావుకారు కథలు విన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇంకొకటి, ఫీజు బాకీ ఉందని మన కాగితాలు అట్టేపెట్టుకునే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో చెప్పింది. వకీలు మారాలంటే "కట్ట ఇవ్వడు గదా" అని భయపడి ముడుచుకుపోవద్దు.

నా అభిప్రాయం అడిగితే, అప్పుల కేసుకు పేరున్న క్రిమినల్ లాయరు కంటే, జిల్లా కోర్టులో సివిల్ ఎగ్జిక్యూషన్ కేసులు రోజూ చూసే మామూలు వకీలు మేలు. ఇప్పటిదాకా ఎన్ని ఐపీలు వేశారు అని కాదు, ఎన్నిటికి డిశ్చార్జి తెచ్చారు అని అడగండి. ఆ ప్రశ్నకు ఆయన ముఖం చూస్తే తెలిసిపోతుంది. మొదటి రోజే ఐపీ వేసేద్దాం అనేవాడి కన్నా, లెక్కలన్నీ చూసి, బ్యాంకుతో ఒకేసారి తేల్చుకునే వీలుందా, లోక్ అదాలత్‌లో కుదురుతుందా అని ముందు అడిగేవాడు నమ్మదగినవాడు. లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుని తీర్పు రాస్తే దానిమీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. అప్పిచ్చినవాళ్లలో ఎవరికైనా ఆయన ఇప్పటికే వకీలా అన్నది కూడా కనుక్కోవాలి, చిన్న ఊళ్లలో ఇది తరచూ తగులుతుంది. మన కులం వకీలైతేనే వెళ్తాం అనేవాళ్లున్నారు. మన భాషలో మన గోడు వింటాడు, నిజమే. కానీ మన బాకీల జాబితా ఆదివారం సంఘం మీటింగులో టీ తాగుతూ బయటపడకూడదు గదా.

డబ్బు లేదని ఆగక్కర్లేదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫ్యాక్టరీ కార్మికులకూ ఇస్తారు. మిగతావాళ్లకు రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది. మగ్గం మగవాడి పేరునే ఉన్నా, డ్వాక్రా, మహిళా సంఘం అప్పులు ఆడవాళ్ల పేరునే ఉంటాయి కాబట్టి ఇది మనిళ్లలో పెద్ద ఆసరా.

అప్పు కంపెనీ పేరున ఉండి మనం గ్యారంటీ సంతకం పెట్టి ఉంటే దారి మళ్లీ మారుతుంది. 2016లో వచ్చిన దివాలా కోడ్ 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల గ్యారంటీదార్లకు అమల్లోకి వచ్చింది, 2021లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కొడుకు ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి టవల్స్ ఎగుమతి చేస్తుంటే తండ్రి ఇల్లు గ్యారంటీ పెట్టిన కుటుంబాలు షోలాపూర్‌లో, కరూర్‌లో ఉన్నాయి. వాళ్లకు జిల్లా కోర్టు వకీలు చాలడు, కంపెనీ లా ట్రిబ్యునల్‌లో పని చేసినవాడు కావాలి.

అదే కోడ్‌లో నిరుపేదల కోసం ఇంకో భాగం రాసిపెట్టారు. ఏడాది ఆదాయం 60,000 దాటనివాడు, ఆస్తి 20,000 లోపు, బాకీలు 35,000 లోపు, సొంత ఇల్లు లేనివాడు, దరఖాస్తు పెట్టుకుంటే ఆ బాకీలు కొట్టేసి కొత్తగా మొదలుపెట్టనిస్తారు. పనికి కావలసిన, తాకట్టులో లేని పనిముట్లను ఆ కోడ్‌లోనూ మినహాయించారు. 1882 నాటి మాట అక్కడా నిలిచింది. ఆ భాగం ఇంకా అమల్లోకి రాలేదు. వచ్చేదాకా బ్రహ్మపురం పట్టు నేతగాడైనా, షోలాపూర్ చద్దరు నేతగాడైనా అర్జీ రాయాల్సింది 1920 చట్టం కిందే. చెన్నైలో, ముంబైలో ఉన్నవాళ్లు అంతకంటే పదకొండేళ్లు పాతదాని కింద.